పాడుకున్నది చేపల్నా, ఊరినా?

‘భూమి వాళ్ళది, కౌలుకిచ్చుకోవడం వాళ్ళిష్టం. మధ్యలో అడగడానికి మీరెవరండీ?’ అమలాపురం నుంచి అంతర్వేది దాకా ఏ ఊళ్ళో చెరువుల సంగతి ఎత్తినా ముందుగా వచ్చే మాట ఇదే. పంచాయతీ చెరువైతే దీనికే ఇంకో రూపం ఉంటుంది: ‘పాట పెట్టాం, ఎక్కువ పాడినవాడికి ఇచ్చాం, ఊరికి ఆదాయం వచ్చింది, తప్పేముంది?’ రెండూ వినడానికి న్యాయంగానే ఉంటాయి. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పినవాడు అభివృద్ధికి అడ్డం పడుతున్నట్టో, పక్కవాడి సొమ్ము మీద కన్నేసినట్టో కనిపిస్తాడు.

ఆ రెండు మాటలూ తప్పని నేనంటాను. భూమి కౌలుకివ్వొద్దని గానీ, చెరువు పాట పెట్టొద్దని గానీ నా వాదన కాదు. ఇచ్చేవాడు తనది కానిదాన్ని కూడా కలిపి ఇచ్చేస్తున్నాడు. పుచ్చుకునేవాడు కొననిదాన్ని కూడా తనదే అనుకుంటున్నాడు. అలా మధ్యలో చేతులు మారిపోతున్నది ఏ కాగితమూ లేని కొన్ని వేల ఇళ్ళ కూర, కూలి, దారి.

కోనసీమలో చేపల వేట అనగానే అందరికీ సముద్రం గుర్తొస్తుంది. ఓడలరేవు, అంతర్వేది, బలుసుతిప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలకీ ఇచ్చే భృతి. ప్రభుత్వం కాగితాల్లో మత్స్యకారుడంటే ఎక్కువగా బోటున్నవాడు, బోటెక్కేవాడు. అయితే గౌతమికీ వసిష్ఠకీ మధ్య, నడుమ వైనతేయ చీల్చుకుపోయే ఈ సీమలో నీళ్ళు లేని చోటేది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు, బోదెలు, మురుగు కాలువలు ఊరూరా పాకాయి. నీళ్ళున్న ప్రతిచోటా చేప చేరింది. చేప చేరిన ప్రతిచోటా దాన్ని పట్టుకుని బతికే మనిషి ఉన్నాడు. తొలకరికి చేలల్లోకి ఎదురెక్కే మట్టగిడసల్నీ కొర్రమీనుల్నీ ఊతలతో మూసి పట్టేవాళ్ళున్నారు. తూముల దగ్గర మావులు పెట్టి తెల్లారి తీసుకునేవాళ్ళున్నారు. విసురువల భుజాన వేసుకుని కౌశిక డ్రెయిన్ గట్టు మీదో శంకరగుప్తం డ్రెయిన్ గట్టు మీదో చీకటితో నడిచేవాళ్ళున్నారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలిన జెల్లల్నీ బొమ్మిడాయల్నీ చేతుల్తో దేవుకునే పిల్లలున్నారు. కాట్రేనికోన వైపు పర్రల్లోకి, మడల్లోకి పోటు చూసుకుని వెళ్ళి పీతలు తెచ్చే ఆడవాళ్ళున్నారు. వీళ్ళందరూ కులవృత్తిగా వల పట్టినవాళ్ళే అనుకోకూడదు. అగ్నికుల క్షత్రియులతో పాటు, చేలో పని లేని రోజున వల పట్టే దళితవాడల కూలీలు వీళ్ళలో ఎంతోమంది. ఇంటికి చాలినంత ఉంచుకుని, మిగిలింది బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్ముతారు.

ఈ వేట అంతా ఎవరి భూమిలో జరిగింది? చాలావరకు పరాయి భూమిలోనే. చేను ఒకరిది, గట్టు ఇంకొకరిది, తూము కాలువల శాఖది, చెరువు పంచాయతీది. వల పట్టినవాడి పేరున సెంటు భూమి కూడా లేదు. అయినా తరతరాలుగా అతన్నెవరూ ఆపలేదు, ఎందుకంటే అక్కడ రాయని కట్టుబాటొకటి నడిచింది. చేను రైతుది, చేలో పంట రైతుది, వానకి ఎదురెక్కి వచ్చిన చేప పట్టినవాడిది. ఆకుమడి తొక్కకూడదు, గట్టు తెగ్గొట్టకూడదు, కోతలయ్యేదాకా చేను మధ్యకి దిగకూడదు. ఈ కట్టుబాటు తప్పినవాణ్ణి రైతు కేకలేసేవాడు, ఊరి పెద్దలు మందలించేవాళ్ళు. పాటించినవాణ్ణి మాత్రం ‘ఏం దొరికాయిరా?’ అని పలకరించి, ఒకటో రెండో కూరకి అడిగి పుచ్చుకునేవాళ్ళు. ఆ కాలాన్ని బంగారు కాలమని నేననను. ఆ రైతుకీ ఆ కూలీకీ మధ్య ఎంత ఎత్తుపల్లం ఉండేదో, ఎవరు ఏ గట్టు మీద కూర్చోవచ్చో ఎవరు నిలబడే ఉండాలో మనందరికీ తెలుసు. ఆ ఎత్తుపల్లాల మధ్యే పేదవాడికి మిగిలిన కాస్త చోటది. ఇప్పుడు పోతున్నది ఆ చోటే.

ఎలా పోతోందో చూడండి. వరి గిట్టుబాటు కాక రైతు విసిగిపోయాడు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు సమ్మె చేశారు. వేల ఎకరాలు బీడు పెట్టి దేశమంతా ఇటు తిరిగి చూసేలా చేశారు. మోహన్ కందా కమిటీ వచ్చింది, నివేదిక ఇచ్చింది. ముంపు దిగని డ్రెయిన్లు, చాలని మద్దతు ధర, దొరకని కూలీలు అలాగే ఉండిపోయాయి. అంతకు రెండేళ్ళ ముందే, 2009లో, వనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చింది. బస్తాల్లో వచ్చే వరి కౌలు ముందు ఎకరానికి రొక్కంగా చేతిలో పడే చెరువు లీజు చాలా పెద్దదిగా కనిపించింది. చేను మధ్య ఒకాయన చెరువు తవ్వితే చుట్టూ నాలుగు చేలకి ఉప్పు ఊరుతుంది. ఊరిన చేను పండదు. పండని చేను రైతు కూడా ఏం చేస్తాడు, చెరువుకే ఇచ్చేస్తాడు. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో ఎన్నో ఊళ్ళ కథ ఇది. ఈ రైతుని నేను తప్పుపట్టను. అతన్ని అటు నెట్టినవాళ్ళు వేరే ఉన్నారు.

నా మాట ఆ తర్వాత జరిగేదాని గురించి. లీజు రాసుకున్న నెలకే గట్టు మనిషెత్తు లేస్తుంది. దాని చుట్టూ కంచె, మూలకో పాక, పాకలో కాపలా, కాపలాకి రెండు కుక్కలు, రాత్రికి దీపాలు. లోపలి రొయ్య లక్షల పెట్టుబడి కాబట్టి కాపలా ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ కంచె చెరువు దగ్గర ఆగదు. చెరువు పక్కనుంచి డ్రెయిన్‌కి పోయే పుంత మూసుకుపోతుంది. డ్రెయిన్ గట్టు ప్రభుత్వానిదే అయినా, అదే చెరువుకి ఒకవైపు గట్టుగా కలిసిపోతుంది. దాని మీద ఇంజిన్లు, పైపులు వెలుస్తాయి. పొద్దున్నే వల పట్టుకుని అటు వచ్చిన పెద్దమనిషికి పాకలోంచి కుర్రాడు చెప్పే మాట ఒకటే: ‘ఇటు రాకు బాబాయ్, ఓనరు చూస్తే నా మీద పడతాడు. రొయ్యలు పోయినా నీ మీద కేసు పెడతారు.’ ఆ కుర్రాడూ ఆ ఊరివాడే. బాబాయ్ వచ్చింది రొయ్య కోసం కాదని అతనికి తెలుసు. తండ్రి, తాత అదే తూము దగ్గర మావు పెట్టిన ఇంటి మనిషి ఆ ఒక్క పొద్దుతో దొంగల లెక్కలోకి వెళ్ళిపోయాడు. ఆ లీజు కాగితం మీద అతని పేరు లేదు, అతని సంతకం లేదు, దాని గురించి అతన్ని అడిగినవాళ్ళూ లేరు.

ఇల్లు అద్దెకిచ్చినాయన ఇంటి ముందు వీధిని కూడా అద్దెకిచ్చేస్తే మనం ఒప్పుకుంటామా? సరిగ్గా అదే జరుగుతోంది, నీళ్ళ దగ్గర జరుగుతోంది కాబట్టి మనకి ఆనటం లేదు. భూయజమాని తన ఎకరం కౌలుకివ్వొచ్చు, తవ్వి వేసిన రొయ్యపిల్ల మీద లీజుదారుకి పూర్తి హక్కుంది. ఎకరం పక్కనున్న గట్టు, గట్టు అవతలి డ్రెయిన్, డ్రెయిన్‌లో పారే నీళ్ళు, ఆ నీళ్ళలో తనంతట తాను పుట్టిన చేప, ఇవేవీ ఆ యజమానివి కావు. తనది కానిదాన్ని ఎవరూ కౌలుకివ్వలేరు.

ఇక పంచాయతీ చెరువుల సంగతి. మత్స్యకార సహకార సంఘాలకి ముందు అవకాశమివ్వాలన్నది ఎప్పటినుంచో చెప్పుకొస్తున్న నియమం. నియమం బాగానే ఉంది. అయితే సంఘం పేరు కాగితం మీద ఉండి, పెట్టుబడి, పట్టుబడి, లాభం అన్నీ బయటి వ్యాపారి చేతిలో ఉండే చెరువులు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. సంఘం సభ్యుడికి సంతకానికింతని ముడుతుంది. సభ్యుడు కాని పేదవాడికి అదీ లేదు, గాలం వేసినా తిట్లే. ఊరి మంచినీళ్ళ చెరువుని కూడా చేపలకి పాట పెట్టి, మేత వేసి నీళ్ళు ఆకుపచ్చబారాక, ఆ ఊరే డబ్బా నీళ్ళు కొనుక్కోవడం మనం చూస్తూనే ఉన్నాం. దాన్ని కూడా పంచాయతీ ఆదాయం కిందే లెక్క రాస్తున్నారు. డబ్బాలకి ఇంటింటా పెట్టే ఖర్చు ఏ పద్దులోనూ చేరదు.

2021లో అప్పటి ప్రభుత్వం 217 నంబరు జీవో ఇచ్చింది. వంద హెక్టార్లకి మించిన చెరువుల్లో చేపల హక్కుని బహిరంగ వేలానికి పెట్టాలన్నది దాని సారం. నెల్లూరు జిల్లాలో ప్రయోగంగా మొదలుపెట్టారు. మత్స్యకారులు భగ్గుమన్నారు. 2022 ఫిబ్రవరి 20న, మనకి వసిష్ఠ అవతలి ఒడ్డునున్న నరసాపురంలో జరిగిన సభలో పవన్ కల్యాణ్ ఆ జీవో ప్రతిని వేదిక మీదే చింపేశారు. ప్రభుత్వం మారాక 2024లో దాన్ని రద్దు చేశారు. మంచి పని. కానీ ఆ రద్దుతో మత్స్యకారుడి హక్కు నిలబడిందని పండగ చేసుకున్నవాళ్ళని నేనొకటి అడుగుతాను. కోనసీమలో వంద హెక్టార్ల చెరువులు ఎన్నున్నాయి? ఇక్కడి వేట జరిగేది అరెకరం గుంటల్లో, పది మూరల బోదెల్లో, డ్రెయిన్లలో, పర్రల్లో. ఇక్కడి నీళ్ళు ఏ జీవోతోనూ పోలేదు. ఇద్దరు మనుషులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందాలతో, ఒక్కో ఎకరం చొప్పున పోయాయి. జీవో అయితే వేదిక మీద చింపొచ్చు. ఆ స్టాంపు కాగితం ఎక్కడుందో కూడా ఊరికి తెలియదు.

దీనికి గట్టి సమాధానమొకటి ఉంది. దాన్ని తప్పించుకుని పోవడం నాకిష్టం లేదు. ‘ఎవరిదీ కానిదాన్ని అందరూ దోచుకుంటారు. లీజుదారు చేతిలో ఉంటేనే చేప మిగులుతుంది’ అంటారు. ఈ మాట కొత్తది కాదు. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు వైద్యుడు మన నదుల్లో, చెరువుల్లో చేపలు ఎందుకు తగ్గిపోతున్నాయో ప్రభుత్వానికి పెద్ద నివేదిక రాశాడు. చిన్న కన్నుల వలలు, చేలల్లోకొచ్చిన పిల్లచేపల్ని ఊడ్చేయడం, అడ్డూ అదుపూ లేని వేట కారణమన్నాడు. 1897లో చేపల చట్టం వచ్చి నీళ్ళలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమని చెప్పింది. ఇవాళ మన డ్రెయిన్లలో కూడా పురుగుమందు కలిపి, కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్ళున్నారు. వాళ్ళని నేను వెనకేసుకురాను. వాళ్ళ మొదటి దెబ్బ గాలం వేసుకునే పేదవాడి మీదే పడుతుంది.

అయితే ‘ఎవరిదీ కానిది’ వేరు, ‘అందరిదీ అయినది’ వేరు. 1968లో అమెరికా శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని రాస్తే, లోకమంతా దాన్ని సూత్రంలా వల్లించింది. తర్వాత హార్డినే తాను చెప్పింది కట్టుబాటు లేని ఉమ్మడి గురించి అని సవరించుకున్నాడు. ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతటా చేపల రేవులు, అడవులు, కాలువలు పరిశీలించి, జనం తమంతట తాము నియమాలు పెట్టుకుని వందల ఏళ్ళు కాపాడుకున్న ఉమ్మడి ఆస్తులెన్నో ఉన్నాయని చూపింది. ఆ పనికి 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంత దూరం ఎందుకు, మన కర్నూలు జిల్లా పల్లెల్లో తిరిగి రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకం రాశాడు. అక్కడి ఊళ్ళు ఎవరూ చెప్పకుండానే కాలువ నీళ్ళు పంచడానికీ చేలు కాయడానికీ మనుషుల్ని పెట్టుకున్నాయి. అందుకు కావలసిన డబ్బులో కొంత, కోతలైన చేలల్లో గొర్రెలు మేపుకునే హక్కుని అమ్మి కూడబెట్టుకున్నాయి. గమనించండి, ఆ ఊళ్ళూ హక్కు అమ్మాయి. కానీ ఏది అమ్మాలో, ఎన్నాళ్ళకి అమ్మాలో ఊరు కూర్చుని తేల్చింది, వచ్చింది ఊరి పనికే పోయింది. పాట పెట్టడంలోనే పాపమున్నదని నేను అననిది అందుకే. పాటకి ముందు ఊరు ఎవరెవర్ని పిలిచి అడిగింది, పాట తర్వాత ఎవరికి ఏం మిగిల్చింది అన్నదే నా ప్రశ్న.

పైగా లీజుదారు చేపని కాపాడతాడన్నది కూడా పైపై మాట. అతను కాపాడేది తన చెరువులో తను వేసిన రొయ్యని. చెరువు ఖాళీ చేసిన రోజున మందులు కలిసిన ఆ నీళ్ళు వెళ్ళేది డ్రెయిన్‌లోకి. వైరస్ తగిలి పంట పోతే ఆ నీళ్ళూ అక్కడికే. డ్రెయిన్‌లో చేప చస్తే అది అతని నష్టం కాదు. ఒకరి నీళ్ళని కంచె వేసి కాపాడి, అందరి నీళ్ళని మురుగుగుంట చేసే పద్ధతిని సంరక్షణ అని ఎలా పిలుస్తాం? శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని తలలు వాలిన కొబ్బరితోటల రైతులకి ఈ బాధ వేటగాడితో సమానంగా తెలుసు.

మళ్ళీ ‘మీరెవరండీ’ దగ్గరికొద్దాం. చట్టం పేరెత్తి నోరు మూయించేవాళ్ళకి చట్టంతోనే జవాబుంది. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది, మొదట అమలైన చోట్లలో మద్రాసు రాజధాని ఒకటి. పరాయి భూమి మీద నడిచే హక్కుతో పాటు, అక్కడున్నదాన్ని తీసుకెళ్ళే హక్కుని కూడా అది గుర్తించింది. ఆచారం వల్ల వచ్చే హక్కు ఉంటుందని చెప్పి, ఉదాహరణగా ఊరి రైతులు ఉమ్మడి బయలులో పశువుల్ని మేపుకోవడాన్నే చూపింది. అంటే సొంత ఆస్తి చుట్టూ ఊరి ఆచారం కూడా ఒక హక్కుగా నిలబడుతుందని తెల్లవాడి చట్టమే ఒప్పుకుంది. కోర్టులో గెలవడం తేలికని నేను చెప్పను. ఆచారం పాతదనీ స్పష్టమైనదనీ సమంజసమైనదనీ రుజువు చెయ్యాలి. కాగితం లేనివాడికి ఎంత కష్టమో చిలికా సరస్సు చెబుతుంది. అక్కడ పారికుద్ రాజుకి ముందే డబ్బు కట్టి చేపల హక్కు తీసుకున్నవాళ్ళు, ఎస్టేటు ప్రభుత్వానికి పోయాక సుప్రీంకోర్టుకి వెళ్ళారు. చేపలు పట్టుకెళ్ళే హక్కు స్థిరాస్తి లాంటిదే, దానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలని 1955లో ఆనంద బెహరా కేసులో కోర్టు చెప్పింది. వాళ్ళు ఓడిపోయారు. అదే చిలికాలో రొయ్యల చెరువుల మీద పోరాటం పెరిగి పెరిగి, 1999 మే 29న సోరానా ఊళ్ళో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయేదాకా వెళ్ళింది. మన కోనసీమలో వ్యవహారం అంత దూరం పోకముందే మాట్లాడుకోవాలన్నది నా తపన.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పంజాబ్‌లో ఒక ఊరి చెరువుని పూడ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళని ఖాళీ చేయించమంది. ఊరుమ్మడి భూముల్ని ఊరికి తిరిగి అప్పగించే పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. అంతకు ముందే, 1996 డిసెంబరులో, జగన్నాథ్ కేసులో అదే కోర్టు పంట భూముల్నీ మడ అడవుల్నీ ఊరుమ్మడి భూముల్నీ రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పిచ్చింది. తీర్పు కోరల్ని 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చాలావరకు పీకేసింది. అయినా ఆ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాల్లోనే ఓ వాక్యముంది. పక్కపక్క చెరువుల మధ్య, చిన్నవైనా సరే, కనీసం 20 మీటర్ల ఎడం ఉండాలని. ఎందుకంటే జనం చేపల రేవులకీ ఇతర ఉమ్మడి వసతులకీ తేలిగ్గా వెళ్ళడానికట. మన తీర మండలాల్లో ఒక్కసారి తిరిగి చూడండి. చెరువుకీ చెరువుకీ మధ్య 20 మీటర్లు కాదు, మనిషి పక్కకి తిరిగి నడిచే గట్టుంటే గొప్ప. రిజిస్ట్రేషన్ పత్రం చూపించేవాళ్ళు ఈ వాక్యాన్ని మాత్రం చూపించరు, అడిగే అధికారీ కనిపించడు.

సొంత ఆస్తికి పెట్టింది పేరైన అమెరికాలో కూడా ఈ గొడవుంది. వేయర్‌హ్యూజర్ అనే కలప కంపెనీకి అక్కడ కోటి ఎకరాల పైచిలుకు అడవి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ అడవుల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరాల తరబడి ఉచితంగా జింకల వేటకి వెళ్ళేవాళ్ళు. 2010 తర్వాతి ఏళ్ళలో కంపెనీ పర్మిట్లు పెట్టి, సొమ్ము కట్టినవాళ్ళకే గేట్లు తీయడం మొదలుపెట్టింది. అక్కడి వేట మన బోదె వేటలాంటిది కాదు. అడవి జంతువుల వేట మన దేశంలో నేరం, అలాగే ఉండాలి. కానీ రెండుచోట్లా జరిగింది ఒకటే: తరాలుగా నడిచిన దారికి ఒకరోజు ధర కట్టారు. ధర కట్టాక, అక్కడే పుట్టి అక్కడే కలప కోసిన మనిషి బయట ఉండిపోయాడు. ఆ దేశంలోనే మోంటానా రాష్ట్రం 1985లో ఇంకో దారి చూపింది. ఒడ్డున భూమి ఎవరిదైనా, ఏటి నీళ్ళు ఎక్కే హద్దు వరకు ఎవరైనా దిగి నడవొచ్చు, చేపలు పట్టుకోవచ్చని చట్టం చేసింది. ఆ హద్దు దాటి పరాయి పొలంలో అడుగుపెట్టకూడదు. 2009లో వంతెనల దగ్గర్నుంచి నీళ్ళలోకి దిగే హక్కునీ ఖాయం చేసింది. భూస్వామి భూమి భూస్వామికే ఉంది, ఏరు మాత్రం అందరికీ మిగిలింది. పశువుల మందలకీ పెద్ద కమతాలకీ పేరుపడ్డ ఆ రాష్ట్రంలో చేయగలిగిన పనిని, పంచాయతీలూ గ్రామసభలూ ఉన్న మనం చేయలేమా?

‘చెరువులొచ్చాక ఊళ్ళో పనులు దొరుకుతున్నాయి కదా’ అనేవాళ్ళున్నారు. దొరుకుతున్నాయి. కాపలా, మేత, పట్టుబడి రోజున కూలి, ప్లాంట్లలో ఆడవాళ్ళకి రొయ్య వలిచే పని. ఆ పని కావాలి, ఆ కూలి పెరగాలి కూడా. అయితే రొయ్య ధర పడిపోయిన ఏడాది, వైరస్ తగిలిన ఏడాది ఆ పని ఉండదు. అప్పుడు ఆ మనిషి ఎటు వెళ్ళాలి? ఇదివరకు అలాంటి రోజున వల తీసుకుని బోదెకి వెళ్ళేవాడు. కరోనా ఏడాది బయట పనులన్నీ ఆగినప్పుడు ఎన్ని ఇళ్ళలో ఆ పూట కూర కాలువలోంచి వచ్చిందో పల్లెల్లో ఉన్నవాళ్ళకి తెలుసు. అది కరువు రోజున అక్కరకొచ్చే ఆస్తి. ఒకరి ఉద్యోగం చూపించి ఇంకొకరి ఆస్తిని తీసుకోకూడదు. ఇద్దరూ ఒకే మనిషైనప్పుడు అసలే తీసుకోకూడదు.

పెద్ద చట్టాలేవీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. పంచాయతీ చెరువుల లీజుల్ని ఫసలీ లెక్కన ఇస్తారు. ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి వేసవిలోనే పాట నోటీసు అతికిస్తారు. అంతకు ముందే, ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవం నాడు గ్రామసభలు పెడతారు. ఆ సభకి డ్రెయిన్ పక్క పేటలవాళ్ళు, వల పట్టే ఆడామగా రావాలి, వచ్చి అడగాలి. మంచినీళ్ళ చెరువు పాటకి పెట్టకూడదని తీర్మానం రాయించాలి. పాడుకున్నవాడికి తను వేసిన చేప మీద తప్ప గట్టు మీద, రేవు మీద, దారి మీద హక్కు లేదని నోటీసులోనే ఉండాలి. ఏడాదిలో చివరి పట్టుబడి అయ్యాక మిగిలిన చేప ఊరివాళ్ళదని, అప్పుడు గాలానికీ విసురువలకీ అడ్డు చెప్పకూడదని రాయాలి. మందు కలిపినవాడు, కరెంటు పెట్టినవాడు ఎవరైనా ఊరే పట్టించాలన్నదీ అందులోనే ఉండాలి, లేకపోతే మన వాదనకి విలువ ఉండదు.

సొంత భూముల్లో చెరువులకి అనుమతి అడిగినప్పుడు మత్స్యశాఖ, రెవెన్యూ అధికారులు చెరువు కొలతలతో పాటు పుంత ఎటు పోతుందో, డ్రెయిన్ గట్టు ఎవరిదో కూడా పటం మీద గీయించాలి. ఇప్పటికే మూసుకుపోయిన పుంతల జాబితా ప్రతి పంచాయతీ కార్యదర్శి దగ్గరా తయారు కావాలి. పాత సర్వే పటాల్లో ఆ దారులన్నీ ఉన్నాయి, ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళకి వాటి పేర్లూ తెలుసు. తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఆ పటాలు తీయించవచ్చు. సఖినేటిపల్లిలోనో కాట్రేనికోనలోనో ఏదో ఒక ఊరు ఈ ఏప్రిల్‌లో ఆ పని మొదలుపెడితే, దరఖాస్తు రాసిపెట్టడానికీ సర్వేయరు వచ్చినప్పుడు గట్టు వెంట నడవడానికీ నాలాంటివాళ్ళం చాలామందిమి వస్తాం.